గాల్లో నేర్చుకున్న నడక

పోయిన వారం మనం ఆగింది ఒక సిగ్నల్ దగ్గర. లైటు పచ్చగా మారింది. కేకులావిడ యాక్సిలరేటర్ తొక్కింది. ఆ ఏనుగంత బండి మాత్రం "ఇప్పుడే వెళ్ళాలా?" అన్నట్టు ఒకటిన్నర సెకను ఆలోచించి, ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. వెనక సీట్లో నా ఒళ్ళో లాప్‌టాప్, పక్కన అట్ట మీద మూడంతస్తుల కేకు. అందులో పై అంతస్తు వచ్చి నా భుజం మీద వాలింది.

సరిగ్గా అక్కడే ఆపేసినందుకు చాలామంది తిట్టుకుని ఉంటారు. కేకు కులాసాగానే ఉంది, ముందు ఆ సంగతి చెప్పేస్తున్నాను.

ఇవాళే కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను సాఫ్ట్‌వేర్ చదివి, పెద్ద కార్ల సర్వీస్ సెంటర్లో చేరి ఎనిమిది నెలలైంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అక్కడ నన్నందరూ లాప్‌టాప్ పిల్ల అంటారు. నేను పనిచేసేది స్టెతస్కోప్ దగ్గర. అంటే మా సీనియర్ మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్స్‌కి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లోపల ఏ పన్ను అరుగుతోందో చెప్పేస్తాడు. అందుకే ఆ పేరు. నాకు చుట్టరికం ఏమీ లేకపోయినా బాబాయ్ అని పిలుస్తాను.

పెళ్ళిళ్ళకి కేకులు చేసిచ్చే మా కస్టమరే కేకులావిడ. ఆవిడ బండి మొదటిసారి వచ్చినప్పుడు జబ్బు చిన్నదే. తొక్కితే కాస్త ఆలస్యంగా కదిలేది. సాఫ్ట్‌వేర్ మార్చి పంపాం. అప్పట్నుంచి ఆలస్యం పెరిగింది, గేరు మారినప్పుడల్లా కుదుపు కూడా తోడైంది. తిరిగొస్తే బాబాయ్ ఆయిల్ మార్చాడు. మళ్ళీ తిరిగొస్తే లోపలి వాల్వులన్నీ మార్చాడు. ఇప్పుడు మూడోసారి తిరిగొచ్చింది. మా దగ్గర ఒక రూల్ ఉంది. ఒకే బండి ఒకే జబ్బుతో మూడోసారి తిరిగొచ్చి, అది మన పనిలో లోపమేనని తేలితే, జాబ్ కార్డు మీద పేరున్న మెకానిక్‌ని గేర్‌బాక్సుల దగ్గర్నుంచి తీసేసి టైర్ల సెక్షన్‌కి పంపిస్తారు. కార్డు మీదున్నది బాబాయ్ పేరు. ఆయన గేర్‌బాక్సులు విప్పుతున్నది ఇరవయ్యారేళ్ళుగా. టైర్ల పని తక్కువదని కాదు, కానీ అక్కడ పొద్దస్తమానం గాలి మిషన్ మోతే. ఆ మోతలో ఆయన చెవికి పనేముంటుంది?

సాయంత్రం నాలుగింటికి మేనేజర్ గదిలో, బాబాయ్‌ని టైర్లకి పంపే కాగితం మీద సంతకం. ఈ టెస్ట్ డ్రైవ్ ఆఖరి అవకాశం.

"చూశావా?" అంది కేకులావిడ, అద్దంలోంచి నన్ను చూస్తూ. "గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కాను. అయినా ఇదీ వరస."

"చూశాను మేడమ్. కొంచెం చెవిలోకి కూడా వెళ్ళింది."

"పర్లేదులే, ప్రాక్టీసు కేకు. అసలుదైతే నా ప్రాణం పోయేది. పోయిన నెల ఒక పెళ్ళికి ఐదంతస్తులది తీసుకెళ్తే, హాలుకి చేరేసరికి మూడున్నరే మిగిలాయి. ఆ అరని క్రీముతో అతికించేసరికి నాకు చెమటలు."

"బండి ఎవరు తోలారు?"

"మా ఆయనే. ఇంకేం, ఇంటిదాకా ఆయన్నే వాయించాను. ఇరవయ్యేళ్ళు లారీ తోలినట్టే దీన్నీ తోలుతున్నావు, నీ మొరటు కాలే దీన్ని పాడుచేసింది అని. ఐదు నెలల్నుంచి ఇదే గొడవ. ఇప్పుడు ఈ బండి తాళాలు ముట్టుకోమంటే ఒప్పుకోడు. ఎక్కడికైనా నడిచే వెళ్తున్నాడు." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "సన్నబడ్డాడు కూడా, పాపం."

ముందు సీట్లో బాబాయ్ కళ్ళు మూసుకుని, గేర్ లీవర్ పక్కన అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అరగంటైంది అలా కూర్చుని. నిద్రపోతున్నాడేమోనని కేకులావిడ రెండుసార్లు వంగి చూసింది.

"అమ్మా, కాసేపు నేను తోలనా?" అన్నాడు చివరికి.

ఫ్లైఓవర్ ఎక్కాం. ఊరి బయటి పెద్ద రోడ్డు పట్టుకున్నాం. ఎత్తులు, పల్లాలు, ఆగడం, కదలడం. నేను గ్రాఫులు చూస్తున్నాను. కేకులావిడ నా పక్కకొచ్చి కేకుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎప్పుడు వదిలేసిందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

"అమ్మాయ్, కేకెలా ఉంది?" అని బాబాయ్ అడిగాడు.

అప్పుడు చూశాను. "బుద్ధిగా ఉంది బాబాయ్."

"ఇందాక?"

"ఇందాక నా భుజం మీద పడుకుంది."

"మరి మధ్యలో మనమేం చేశాం? ఒక్క నట్టైనా విప్పామా?"

నా స్క్రీన్ మీద నలభై రెండు గ్రాఫులున్నాయి. ఆ కేకు చెప్పిన ముక్క అందులో ఒక్కటీ నాకు ముందుగా చెప్పలేదు. మొదటి అరగంటా తూలిన కేకు, తర్వాతి అరగంటలో నిటారుగా నిలబడింది.

బాబాయ్ బండి పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీద మెల్లిగా తట్టాడు. ఆయనకది అలవాటు. బాగా నడిచిన బండిని అలా తడతాడు.

"దీనికి రోగం లేదమ్మా," అన్నాడు. "బరువు తెలీదంతే. మనుషుల్ని, సామాన్లని ఎక్కించుకుని లాగడం దీనికెవరూ నేర్పలేదు. ఇవాళ మనతో తిరిగి నేర్చుకుంటోంది. పుట్టి రోడ్డు చూడలేదన్నట్టుంది దీని వాలకం."

నా గుండె జారి ఎక్కడో సీటు కింద పడింది.

ఎందుకో చెప్తాను, మరీ కష్టం కాదు. ఇప్పటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పుట్టుకతో అన్నీ తెలిసి రాదు. ఏ గేరుకి మారాలంటే లోపలి ప్లేట్లని ఎంత గట్టిగా నొక్కాలో నడుస్తూ నడుస్తూ నేర్చుకుని, గుర్తుపెట్టుకుంటుంది. మేం రిపేరు చేసినప్పుడల్లా ఆ జ్ఞాపకాలన్నీ చెరిపేసి కొత్తగా నేర్పాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, రోడ్డు మీద ఇరవై నిమిషాలు, ఒక పద్ధతి ప్రకారం తోలితే చాలు. లాప్‌టాప్‌తో పని కాబట్టి అది నా వంతు.

కేకులావిడ బండి మొదటిసారి వచ్చిన నెలలో మా వెనక రోడ్డు పైపుల కోసం తవ్వేశారు. ముందు రోడ్డులో ట్రాఫిక్. ఒకరోజు నాకు బల్బు వెలిగింది. బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, నాలుగు చక్రాలూ గాల్లో తిప్పితే సరిపోదా? గేర్లు మారతాయి, స్పీడ్ చూపిస్తుంది, స్క్రీన్ మీద "నేర్చుకోవడం పూర్తి" అని ఆకుపచ్చ టిక్కు కూడా పడుతుంది. ఏడు నిమిషాల్లో ఖతం. తను గాల్లో ఉందో నేల మీదుందో గేర్‌బాక్స్‌కేం తెలుసు అనుకున్నాను. అంత మాటా అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయి, టీ కూడా తాగాను.

గాల్లో చక్రానికి బరువేముంటుంది? మెల్లిగా నొక్కితే చాలని నేర్చుకుంది. రోడ్డు మీదికొచ్చాక అలాగే మెల్లిగా నొక్కితే ప్లేట్లు జారతాయి. అదీ సిగ్నల్ దగ్గర మనం చూసిన ఆ ఆలోచన. జారాక కంగారుపడి గట్టిగా నొక్కుతుంది. అదీ ఆ తన్ను. మామూలు బండ్లయితే హైవే ఎక్కి తమంతట తామే సర్దుకుంటాయి. కేకులావిడది షాపు నుంచి హాలుకి మూడు కిలోమీటర్లు. ఆయిల్ వేడెక్కే లోపే కేకు దిగిపోతుంది.

బాబాయ్ మూడుసార్లూ నన్నడిగాడు, "నేర్పడం అయిపోయిందా అమ్మాయ్?" అని. మూడుసార్లూ "అయిపోయింది బాబాయ్" అన్నాను. ఎలా అయిపోయిందో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

పాత ఫైల్ తెరిచి లోడ్ గడి, అంటే నేర్చుకునేటప్పుడు బండి ఎంత బరువు లాగిందో చెప్పే గడి, చూశాను. ఆరు శాతం. రోడ్డు మీదైతే ముప్పైకి తగ్గదు. మొదటిసారి ఆరు, రెండోసారి ఆరు, మూడోసారి ఐదు. లాప్‌టాప్ మూసేశాను. కార్లోనే ఎందుకు చెప్పలేదంటే, భయం. గొప్ప కారణం వేరే ఏదీ లేదు.

సెంటర్‌కి తిరిగొచ్చాక, పార్కింగ్‌లో బండి దిగుతూ బాబాయ్ అడిగాడు. "నేర్పించేటప్పుడు ఏ రోడ్డు మీద తిప్పేదానివి?"

"వెనక రోడ్డు... అంటే అది తవ్వేశారు కదా బాబాయ్..." నీళ్ళు నమిలాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. స్క్రూడ్రైవర్ లేకుండానే విన్నాడని నాకప్పుడే అర్థమైంది. ఇంకేదో అనబోయేలోగా మేనేజర్ గది తలుపు తెరుచుకుంది. "రండి, నాలుగైంది."

మా మేనేజర్ చెడ్డవాడు కాదు, కాకపోతే ఏదైనా చార్టులో ఇమడకపోతే ఆయనకి ఊపిరాడదు. గాజు గది, ఏసీ నుంచి నీళ్ళు కారే బక్కెట్టు, బల్ల మీద ఒక కాగితం, దాని మీద మూత కొరికేసిన పెన్ను.

"మేడమ్, సూటిగా చెప్పండి. కుదుపు ఉందా, లేదా?"

"ఉంది," అంది కేకులావిడ. "తర్వాత లేదు."

"రెంటికీ టిక్కు పెట్టడానికి లేదు మేడమ్. ఒక్కటే గడి."

"బండిలో లోపం లేదు సార్," అన్నాడు బాబాయ్, కుర్చీలో కూర్చోకుండానే. "నేర్పడంలో లోపం. అదీ మన పనే. జాబ్ కార్డు నా పేరు మీదుంది. ఎక్కడ పెట్టాలి సంతకం?"

పెన్ను అందుకున్నాడు.

నేను చేరిన మొదటి రోజు గుర్తొచ్చింది. స్టోర్‌కి వెళ్ళి గేర్‌బాక్స్ వాసన డబ్బా తెమ్మని పంపారు నన్ను. నేను నిజంగానే వెళ్ళి అడిగాను. అందరూ పడీ పడీ నవ్వుతుంటే ఈయన ఒక్కడే స్టోర్ దాకా వచ్చి, "నాతో రా అమ్మాయ్, డబ్బా కాదుగానీ ఇంకోటి చూపిస్తా" అని తీసుకెళ్ళి, నడుస్తున్న గేర్‌బాక్స్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి నా చెవిలో పెట్టాడు. లోపల చిన్న వాన పడుతున్నట్టు వినిపించింది. పళ్ళు ఒకదాన్నొకటి అందుకుంటున్న చప్పుడు. చదువు చెప్పినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. వినడం నేర్పింది ఈయనొక్కడే.

"ఆగండి బాబాయ్." నేను మేనేజర్ వైపు తిరిగాను. "సార్, ఆ బండికి నేర్పింది నేను. రోడ్డు మీద కాదు. లిఫ్ట్ మీద, చక్రాలు గాల్లో పెట్టి. బాబాయ్‌కి తెలీదు. ఆయన చేసిన ప్రతి పనీ సరిగ్గానే ఉంది. చివరి ఏడు నిమిషాల్లో నేనే పాడుచేశాను."

లాప్‌టాప్ తెరిచి లోడ్ గడి చూపించాను. మేనేజర్ కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. ఏసీ నీటిచుక్క బక్కెట్లో పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

"మూడుసార్లూనా?" అన్నాడు బాబాయ్.

"మూడుసార్లూ."

తిడితే బాగుండేది. ఆయన పెన్నుకి మూత పెట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "అయిపోయిందా అని అడిగాను. ఎలా చేశావని అడగలేదు. అంత నమ్మకం నాది."

ఆ "నమ్మకం" అన్న మాట దగ్గర నా కళ్ళు నిండిపోయాయి. ఆయన జేబులోంచి చేతులు తుడుచుకునే గుడ్డ తీసిచ్చాడు. నిండా గ్రీజు. తుడుచుకున్నాను. మిగతా సన్నివేశమంతా నా మొహం మీద గ్రీజు ఉందని గుర్తుంచుకోండి.

"ఒక్క నిమిషం," అంది కేకులావిడ. చాలాసేపట్నుంచి ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటోంది. "అంటే... మా ఆయన కాలు బాగానే ఉందన్నమాట?"

నేను తలూపాను.

"ఐదు నెలలు!" ఆవిడ తల పట్టుకుంది. "మొరటు కాలు, ఏనుగు కాలు, ఏది నోటికొస్తే అది అన్నాను!" అప్పటికప్పుడు ఫోన్ తీసింది. "ఏమండీ, ఎక్కడున్నారు? నడుస్తున్నారా? ఆగండి, ఎక్కడున్నారో అక్కడే ఆగండి. మీ కాలు మంచిదేనంట. అవును, కాలే. సర్వీస్ సెంటర్‌లో తేలింది."

అటునుంచి ఆయన గొంతు మాకందరికీ వినపడింది. "ఉండు, రికార్డు పెడతాను. ఇప్పుడు చెప్పు మళ్ళీ."

నాలుగింటి తర్వాత ఆ గదిలో నవ్వడం అదే మొదలు. మేనేజర్ కూడా నవ్వాడు, నవ్వాక చార్టు వైపు చూసి సర్దుకున్నాడు. కేకులావిడ నా చెయ్యి పట్టుకుంది. "కోపం రావాలి నాకు. వస్తుందేమో ఇంటికెళ్ళాక. ఇప్పుడు మాత్రం థాంక్స్ అనే అనాలనిపిస్తోంది. నువ్వు నోరు మూసుకునుంటే ఆయన్ని జీవితాంతం నడిపించేదాన్ని."

మేనేజర్ ఆ కాగితాన్ని రెండుగా మడిచాడు. చించలేదు, మడిచాడు. "ఈయన పేరు దీంట్లోంచి తీసేస్తున్నాను. ఈ బండికి ఇవాళే రోడ్డు మీద మళ్ళీ నేర్పండి, ఇద్దరూ కలిసి. నీ ఉద్యోగం సంగతి..." నా వైపు చూశాడు, మొహం మీది గ్రీజు చూశాడు, "ఆ సంగతి రేపు మాట్లాడదాం."

బాబాయ్ చెవి దక్కింది. నాకదే చాలనిపించింది. నిజం చెప్పాక ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని.

"ఒక్కటే అడుగుతాను," అన్నాడు మేనేజర్, లేవబోతూ. "ఈ లిఫ్ట్ పద్ధతి ఈ ఒక్క బండికేనా?"

తేలిగ్గా ఉన్న ఒళ్ళు మళ్ళీ బరువెక్కింది.

"ఇక్కడ ఇంకో పదకొండు బండ్లకి సార్. ఇంకా..." ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

రెండు నెలల క్రితం, మా బ్రాంచీలన్నిటి గ్రూపులో నేనొక పేజీ పెట్టాను. ఫొటోలు, బాణాలు, ఒకటి రెండు మూడు అని వరసలు. పైన ఎర్ర అక్షరాల్లో, "ఇరవై నిమిషాల పని ఏడు నిమిషాల్లో!" దాని కింద బొటనవేళ్ళే బొటనవేళ్ళు. హెడ్ ఆఫీసు ట్రైనింగ్ ఆయన కూడా "చాలా బాగుంది, అందరూ పాటించండి" అని రాశాడు. ఆ రోజు నేను రెండు టీలు తాగాను.

మేనేజర్ పేజీని కిందికి జరుపుతూ వెళ్ళాడు. చివర్లో ఆగిపోయాడు. ఫోన్‌ని బాబాయ్ వైపు తిప్పాడు.

పేజీ అడుగున, నీలం రంగులో, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో నేను రాసిన ఆఖరి వాక్యం. "ఈ పని నాకు నేర్పిన గురువు" అని, దాని కింద ఆయన అసలు పేరు. ఆ పేరు మా సెంటర్లో ఎవరూ వాడరు. ఆఫీసు క్లర్కుని అడిగి, స్పెల్లింగ్ సరిచూసుకుని మరీ రాశాను. ఆయన మీద నాకున్న కృతజ్ఞత అలా చెప్పుకున్నాననుకున్నాను.

బాబాయ్ తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. "బాగానే రాశావే," అన్నాడు మెల్లిగా. "అక్షరాలు కూడా ముద్దుగా ఉన్నాయి."

అప్పుడే బల్ల మీది ఆఫీసు ఫోన్ మోగింది.

మేనేజర్ ఎత్తాడు. "సార్... ఉన్నాం సార్... ఎవరు సార్?" ఆయన కళ్ళు బాబాయ్ మీదికి వెళ్ళాయి. నీలం అక్షరాల పేరుని పైకి పలికాడు. ఎనిమిది నెలల్లో ఆ పేరు నోటితో పలకగా వినడం అదే మొదటిసారి. "ఇక్కడే ఉన్నారు సార్." రిసీవర్ ఇటు చాచాడు. "హెడ్ ఆఫీసు. లిఫ్ట్ మీద నేర్పిన ఇంకో బ్రాంచి బండి, ఒక జంక్షన్ మధ్యలో ఆగిపోయిందట."

బాబాయ్ అందుకుని, ముందుగా అడిగింది ఒక్కటే. "మనుషులకేమీ కాలేదు కదా సార్?"

అటు జవాబు విన్నాక ఆయన భుజాలు కిందికి దిగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆయన చాలాసేపు వింటూనే ఉన్నాడు, కళ్ళు మూసుకుని, గేర్‌బాక్స్‌ని విన్నట్టే. చివరికి రిసీవర్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఈ పద్ధతి ఎవరిదని అడుగుతున్నారు అమ్మాయ్."

చెయ్యి చాచాను. "ఇటివ్వండి బాబాయ్. నేను చెప్తాను."

ఆయన నా చేతిని చూశాడు. గ్రీజు మొహం చూశాడు. మడిచిన ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.

ఫోన్ ఇవ్వలేదు. అరచెయ్యి తీసి, రిసీవర్ మళ్ళీ చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"సార్, రాసుకోండి," అన్నాడు.